ఆరో లేన్ ఖాళీలు

బొత్తాల కార్ఖానా మూతపడ్డ పన్నెండో రోజున పిన్నికి ఫైరింగ్ రేంజిలో పని దొరికింది.

ఆవిణ్ణి అందరూ బొత్తాల పిన్ని అనేవారు. ఇరవై రెండేళ్లు ఆ కార్ఖానాలో తనిఖీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి. గరాటులోంచి జలజలా రాలే బొత్తాలను బల్లమీద పరిచి, అరచేత్తో ఒక్కసారి అటూ ఇటూ దువ్వేది. కన్నం పక్కకు పోయినదీ, అంచు చిట్లినదీ, మందం తగ్గినదీ వేలికి తగిలేది. తీసి పక్కన పడేసేది. ఆ పని చేస్తూనే పక్కావిడ కోడలి సంగతులన్నీ వినేది, మధ్యమధ్య సలహాలు కూడా ఇచ్చేది. కళ్లు ఎటు తిరిగినా వేళ్లు మాత్రం పనిమీదే ఉండేవి. చివరికి జిప్పులొచ్చి బొత్తాల నోట్లో మట్టి కొట్టాయి. కార్ఖానాకు తాళం పడింది.

పిన్నికి భర్త పోయి ఎనిమిదేళ్లయింది. సైకిల్ షాపు పైన రెండు గదుల్లో ఆవిడా, ఆడపడుచూ ఉంటారు. ఆడపడుచు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వదినా ఆడపడుచులు ఒక ఇంట్లో ఇమడరని లోకం అంటుంది. వీళ్లిద్దరూ ఇమిడారు, కాకపోతే నోళ్లు మూసుకుని మాత్రం కాదు.

ఆ ప్రకటన చూసింది ఆడపడుచే. లాండ్రీ నుంచి వస్తూ పేపరు ముక్క ఒకటి పట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి గట్టిగా చదివింది. "ఫైరింగ్ రేంజిలో ఖాళీలు ఏరుటకు మనిషి కావలెను. విన్నావా వదినా? ఖాళీలు ఏరడానికి ఖాళీ ఉందట! ఏమీ లేనిదాన్ని ఏరి పెడితే జీతమిస్తారట. నీకు తప్ప ఇంకెవరికి వస్తుందే ఆ పని?"

"ఖాళీ అంటే కాల్చేసిన తూటా తొడుగే అమ్మడూ," అంది పిన్ని. "గుండు ఎగిరిపోతుంది, ఇత్తడి గొట్టం వెనక పడుతుంది. దాన్ని ఏరాలి."

"నీకెలా తెలుసు?"

"పొద్దున్నే కింద సైకిలాయన చెప్పాడు. ఆ పేపరు నీకంటే ముందు నేనే చూశాలే. రేపు వెళ్తున్నా."

"అయితే ఇంతసేపూ నాచేత ఎందుకు చదివించావు?"

"నువ్వు చదువుతుంటే బాగుంటుంది," అని పిన్ని లోపలికి పోయింది.

* * *

రేంజి ఊరి చివర, ఇటుక బట్టీల అవతల ఉంది. పొడవాటి రేకుల షెడ్డు, అందులో పక్కపక్కనే పది లేన్లు, ఒక్కో లేన్‌లో ఒక చాప. షెడ్డు ముందు మూడు వందల మీటర్ల ఖాళీ నేల, దాని చివర ఎత్తయిన మట్టి దిబ్బ. కాల్చేవాళ్లు చాపమీద బోర్లా పడుకుని దిబ్బ ముందున్న లక్ష్యాల వైపు గురిపెడతారు. కాల్చిన ప్రతిసారీ తుపాకీ కుడి పక్కనుంచి ఇత్తడి ఖాళీ ఒకటి ఎగిరి, టింగుమని గచ్చుమీద పడి దొర్లుతుంది. తుపాకులు క్లబ్బువి, లేన్‌కొకటి, లేన్ నంబరే తుపాకీ నంబరు. వచ్చేవాళ్లు బ్యాంకు గుమాస్తాలు, లెక్కల మాస్టార్లు, కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు పోటీలకు తయారయ్యేవాళ్లు.

రేంజి ఆఫీసరు రిటైరైన సైనికుడు. ఆయన రహస్యం చెబితే దిబ్బకు తగిలి తిరిగొస్తుంది. మొదటిరోజున పిన్నిని నియమాల బోర్డు ముందు నిలబెట్టి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఎర్రజెండా ఎగురుతున్నంతసేపూ పసుపు గీత దాటరాదు. ఇచ్చిన తూటాలెన్నో, ఖాళీలు అన్ని తిరిగి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ గేటు దాటరాదు. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా సరే 'ఆపండి' అని అరవవచ్చు.

"ఎవరైనా అంటే ఎవరండీ?" అంది పిన్ని.

"ఎవరైనా అంటే ఎవరైనానే. నేను, మీరు, గేటు దగ్గర పడుకునే కుక్క."

"కుక్కకు మాటలు రావు కదండీ."

"అందుకే ఆ బాధ్యత కూడా మనమీదే పడింది," అన్నాడాయన గంభీరంగా.

తుపాకులు బాగుచేసే మేస్త్రి ఇంకో రకం మనిషి. తెల్లటి మీసం, చమురు మరకల నీలం చొక్కా, చెవిలో పెన్సిలు. ముప్ఫై ఏళ్లుగా ఆ షెడ్డు వెనక గదిలో ఉన్నాడు. మాటకు మాట కొలిచి మాట్లాడతాడు. ఆయన పిన్ని చేతికి పొడవాటి కర్రకు కట్టిన అయస్కాంతం ఒకటిచ్చి, "దీంతో ఊడువు, వంగే పనుండదు," అన్నాడు. పిన్ని అరగంట ఊడ్చింది. రెండు మేకులు, ఒక తలపిన్ను దొరికాయి. ఒక్క ఖాళీ కూడా అంటుకోలేదు. షెడ్డులో వాళ్లంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అప్పుడు గమనించింది.

నేరుగా వెనక గదికి వెళ్లి మేకులు బల్లమీద పెట్టింది. "మీ మేకులు దొరికాయి మేస్త్రిగారూ. ఇత్తడి అయస్కాంతానికి అంటదని నాకూ తెలుసు. మా కార్ఖానాలో ఇత్తడి బొత్తాలూ చేశాం. పెద్దమనిషి ముచ్చటపడి ఇచ్చాడు కదా అని ఊడ్చా."

మేస్త్రి మీసం కదిలింది. అది నవ్వే అని తర్వాత తెలిసింది. సాయంత్రానికి ఒక బక్కెట్టూ, మెత్తటి చీపురూ, కూర్చోవడానికి స్టూలూ పంపించాడు.

రెండో వారంలోనే ఒక ఖాళీ తప్పిపోయింది. ఆ రోజు ఇచ్చిన తూటాలు నాలుగు వందల ముప్ఫై, డ్రమ్ములో చేరిన ఖాళీలు నాలుగు వందల ఇరవై తొమ్మిది. చాపలు దులిపారు, గచ్చు సందులు చూశారు, లెక్కల మాస్టారు మోకాళ్లమీద పాకుతూ మురిక్కాలువ దాకా వెళ్లొచ్చాడు. ఇరవైమంది గేటు దగ్గర నిలబడిపోయారు. చివరికి పిన్నికే గుర్తొచ్చింది. పోటీలకు తయారయ్యే పళ్ల డాక్టరమ్మ, క్లినిక్కు నుంచి ఫోనొచ్చిందని తనిఖీ కాకముందే పరుగున వెళ్లిపోయింది.

ఆఫీసరు ఫోను చేశాడు. అవతల డాక్టరమ్మ ఒక రోగి నోట్లో అద్దం పెట్టి చూస్తోంది. "నా దగ్గర లేదండీ, జేబులు కూడా చూశా," అంటూ ఆవిడ ముందుకు వంగింది. అంతే, కాలరు మడతలోంచి ఇత్తడి ఖాళీ జారి, రోగి పక్కనున్న స్టీలు గిన్నెలో టంగుమని పడింది. రోగి అది తన పన్నే అనుకుని కుర్చీలోంచి లేచి కెవ్వుమన్నాడు. ఆ కేక ఫోనులో గేటు దాకా వినబడింది. ఆఫీసరు రేంజికి వచ్చిన నాలుగేళ్లలో మొదటిసారి పడీపడీ నవ్వాడు. అరగంటలో డాక్టరమ్మ ఆ ఖాళీని దూదిలో చుట్టి స్వయంగా తెచ్చి పిన్ని చేతిలో పెట్టింది. "క్షమించు పిన్నీ, మొత్తానికి పీకేశా," అంది. ఇద్దరికీ స్నేహం అక్కడే మొదలైంది.

ఇంత గందరగోళం మళ్లీ జరగకూడదని పిన్ని ఒక ఉపాయం చెప్పింది. కార్ఖానాలో బొత్తాలు లెక్కపెట్టడానికి కన్నాల పలకలు ఉండేవి. పలక నిండితే ఇన్ని అని లెక్క. అలాంటివే ఖాళీలకూ చేయిస్తే సరి. మేస్త్రి చెక్కలకు యాభైయేసి కన్నాలు తొలిచి పది పలకలు చేసిచ్చాడు. ఒక్కో పలకమీద ఒక్కో లేన్ నంబరు. అంతకుముందు అన్ని లేన్ల ఖాళీలూ ఒకే డ్రమ్ములో కలిసిపోయేవి. ఇప్పుడు ఏ లేన్ ఖాళీలు ఆ లేన్ పలకమీదే సైనికుల్లా నిలబడేవి. లెక్క కళ్లముందే కనబడేది. జెండా ఆకుపచ్చగా మారి, తుపాకులన్నీ నోళ్లు తెరిచి చాపలమీద పడుకున్నాక, పిన్ని బక్కెట్టుతో బయల్దేరేది. ఇంకా వెచ్చగా ఉండే ఖాళీలను అరచేతిలో దొర్లించి పలకలో గుచ్చేది.

ఆ సాయంత్రాల్లో ఆడపడుచు ఫోను చేసేది. "ఎక్కడున్నావే?"

"ఆరో లేన్‌లో."

"ఉన్నావో లేవో తేల్చి చెప్పు, అన్నం వండాలి," అని అటునుంచి జవాబు.

* * *

మూడో నెలలో ఒక మంగళవారం పిన్ని వేలికి తేడా తగిలింది.

ఆరో లేన్ పలక నింపుతోంది. ఖాళీ అడుగున, వెడల్పు అంచుకు చిటికెన వేలి మందం పైన, చుట్టూ సన్నటి గీత. కళ్లజోడు పెట్టుకుని చూస్తే కొంచెం మెరుపుగా కనబడింది, ఉంగరం తీసేసిన వేలిమీద మిగిలే గుర్తులాగా. ఐదో లేన్ ఖాళీ తీసి చూసింది, నున్నగా ఉంది. మిగతా లేన్లవీ ఒక్కొక్కటే చూసింది, అన్నీ నున్నగానే ఉన్నాయి. ఆరో లేన్‌వి మాత్రం యాభైకి యాభై అదే గీత.

పలక పట్టుకుని వెనక గదికి వెళ్లింది.

"మేస్త్రిగారూ, ఆరో నంబరు ఖాళీలకు నడుము దగ్గర గీత పడుతోంది."

మేస్త్రి స్ప్రింగు ఏదో బిగిస్తున్నాడు. తల ఎత్తకుండానే, "ఇత్తడి మెత్తన. గీతలు పడతాయి," అన్నాడు.

"మిగతా తొమ్మిదింటికీ లేవండీ."

"తుపాకీ తుపాకీకి ఒక గుణం ఉంటుంది. మనుషుల్లాగే."

"గుణమైతే మొదట్నించీ ఉండాలి కదండీ. పోయిన నెల ఇది లేదు."

అప్పుడు తల ఎత్తాడు. "ఏవమ్మా, నువ్వు వచ్చి ఎన్నాళ్లైంది?"

"మూడు నెలలు."

"నేనొచ్చి ముప్ఫై ఏళ్లు," అని మళ్లీ స్ప్రింగు మీదికి వంగిపోయాడు.

పిన్ని పలక తీసుకుని వచ్చేసింది. రాత్రి భోజనాల దగ్గర ఆడపడుచుకు సంగతంతా చెప్పింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు వదినా?" అంది ఆడపడుచు. "తుపాకీ ఆయనది, గీత ఇత్తడిది, మధ్యలో నీకెందుకు? ఏరమన్నారు, ఏరు. చూడమన్నారా?"

"ఏరుతూ చూడకుండా ఎలా ఉంటానే?"

"కళ్లు మూసుకో."

"వేళ్లు ఏం చేసుకోను?"

ఆడపడుచు కాసేపు ఆలోచించింది. ఆవిడకూ దుప్పటి చిరుగు వేలికి తగిలితే పక్కన పెట్టకుండా ఉండలేని జబ్బుంది. "సరే," అంది చివరికి. "ఆయన వినకపోతే వినేవాళ్లకు చెప్పు. కానీ ముందు సాక్ష్యం దాచిపెట్టు. ఉత్తి నోటిమాట ఎవరూ నమ్మరు."

ఖాళీ ఒక్కటైనా గేటు దాటకూడదు. అందుకని పిన్ని ఆఫీసరు దగ్గర అనుమతి అడిగి, ఆరో లేన్ ఖాళీలను వారానికి ఒకటి చొప్పున పక్కకు తీసి, తారీకు రాసిన కాగితం చుట్టి, ఆఫీసు కిటికీలో వరసగా నిలబెట్టసాగింది. "ఇదేం బొమ్మల కొలువు పిన్నిగారూ?" అని ఆఫీసరు అడిగితే, "కొన్నాళ్లు చూద్దామండీ. నేను పొరబడితే నన్నే నవ్వండి," అంది. ఆయన మేస్త్రితో ఒక మాట అన్నాడు కూడా. మేస్త్రి ఆ తుపాకీ గొట్టం తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, "అద్దంలా ఉంది," అని ఇచ్చేశాడు. గొట్టం నిజంగానే అద్దంలా ఉంది. తేడా ఉన్నది అక్కడ కాదు.

రెండో వారం గీత ముదిరింది. మూడో వారం కళ్లజోడు లేకుండానే కనిపించింది.

* * *

పోటీలకు ఇంకో తొమ్మిది రోజులున్నాయనగా శనివారం వచ్చింది. డాక్టరమ్మ పొద్దున్నే క్లినిక్కులో ముగ్గురిని చూసి, తెల్లకోటు విప్పకుండానే వచ్చేసింది. ఆవిడ ఎప్పుడూ ఆరో నంబరు తుపాకీయే తీసుకునేది. దానితోనే గురి కుదిరిందని ఆవిడ నమ్మకం. ఇంకో తుపాకీ ఇస్తానంటే అత్తవారింటికి పొమ్మన్నట్టు మొహం పెట్టేది.

మొదటి విడత అయింది. జెండా మారింది. పిన్ని ఏరుకొచ్చి షెడ్డు వెనకున్న తన బల్ల దగ్గర కూర్చుంది. జెండా మళ్లీ ఎర్రబడింది, రెండో విడత మొదలైంది. తూటాల చప్పుడు రేకులమీద వడగళ్లలా పడుతోంది. పిన్ని ఆరో పలక నింపుతూ ఏడో ఖాళీ దగ్గర ఆగిపోయింది. ఈసారి తగిలింది గీత కాదు. గోరు దిగబడింది. వెలుతురుకు ఎత్తి చూసింది. ఇత్తడి వెంట్రుకంత మేర విచ్చుకుని, ఆ పగులు చుట్టూ పొగచూరినట్టు నల్లగా ఉంది.

బక్కెట్టు తన్నుకుని లేచింది. "ఆపండి!" అని అరిచింది.

ఎవరికీ వినబడలేదు. అందరి చెవులమీదా చప్పుడు ఆపే డిప్పలున్నాయి. పసుపు గీత దాకా పరుగెత్తి మళ్లీ అరిచింది. ఆఫీసరు గీత ఇవతలే నిలబడి దుర్భిణీలో లక్ష్యాలు చూస్తున్నాడు. పక్కన పిన్ని నోరు తెరవడం మూయడం కనబడింది కానీ, ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆరో లేన్‌లో డాక్టరమ్మ తూటా లోపలికి తోసి, చెంప తుపాకీకి ఆనించింది.

ఒక్క నిమిషం లేదు. ఆఫీసరు మెడలో తాడుకు ఈల వేలాడుతోంది. పిన్ని ఆ ఈలను అందుకుని, అది ఆయన మెడలో ఉండగానే, నోట్లో పెట్టుకుని బలం కొద్దీ ఊదింది. పొట్టి మనిషి. తాడు లాగడంతో ఆఫీసరు మెడ వంగి, ఇద్దరి ముక్కులూ దాదాపు తగిలాయి. డిప్పలున్నా ఆ ఈల ఆయన మెదడులోకి దూసుకుపోయింది. సైన్యంలో ఇరవై ఏళ్ల అలవాటు, ఆలోచించకుండానే "ఆపండి!" అని గర్జించాడు. ఈసారి దిబ్బ కూడా విన్నది. పది తుపాకులూ నోళ్లు తెరుచుకున్నాయి.

"ఏమైంది?" అన్నాడు ఆయన మెడ సవరించుకుంటూ.

పిన్నికి ఊపిరాడలేదు. అరచెయ్యి చాపింది.

మేస్త్రి చప్పుడు ఆగిపోవడం విని బయటికొచ్చాడు. చుట్టూ అందరూ మూగారు. "మళ్లీ ఆ గీతేనా?" అన్నాడు విసుగ్గా. "తొమ్మిది రోజుల్లో పోటీలు పెట్టుకుని..."

"ఇటివ్వు పిన్నీ," అంది డాక్టరమ్మ. ఖాళీని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పట్టుకుని, అలవాటుగా తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టింది. కొన వంగిన సన్నటి ఉక్కు పుల్ల ఒకటి బయటికి తీసింది, పళ్లలో పుచ్చు వెతికేది. "ముందు మంచిదొకటి చూపించు."

పిన్ని ఐదో పలకలోంచి ఒకటి తీసిచ్చింది. డాక్టరమ్మ పుల్లను ఖాళీ లోపలికి దింపి, గోడ వెంబడి మెల్లగా పైకి లాగింది. సాఫీగా వచ్చేసింది. తర్వాత ఆరో లేన్ ఖాళీలో దింపింది. కొంచెం లాగగానే టక్కుమని ఆగింది. ఇంకో పక్కనుంచి లాగింది, అక్కడా ఆగింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది.

"లోపల గాడి పడిందండీ, చుట్టూతా. నోట్లో ఇలా తగిలిందంటే ఆ పన్ను ఇవాళో రేపో విరుగుతుందని రోగికి చెప్పేస్తాను."

మేస్త్రి ముందుకొచ్చాడు. చెయ్యి చాచి పుల్ల తీసుకున్నాడు. తనే ఖాళీలో దింపి లాగాడు. మళ్లీ లాగాడు. కిటికీలో వరసగా నిలబెట్టిన ఖాళీలు తెప్పించి, మొదటి వారానిది, రెండోది, మూడోది ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ఆరో నంబరు తుపాకీ ఎత్తుకుని వెనక గదికి నడిచాడు. అందరూ వెనకే వెళ్లారు.

ఆయన ఇనప్పెట్టెలోంచి తూటా ఆకారంలో ఉన్న ఉక్కు ముక్క ఒకటి తీశాడు. "ఇది కొలత ముక్క," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "అసలు తూటా కంటే రవంత పొడవు. దీన్ని పెడితే తూటా వెనక బిగిసే ఈ ఇనప తలుపు మూసుకోకూడదు. మూసుకుందంటే లోపల వదులున్నట్టు." ఐదో నంబరు తుపాకీలో పెట్టి చూపించాడు. తలుపు సగంలోనే ఆగిపోయింది. ఆరో నంబరులో పెట్టాడు. తలుపు వెన్నలో కత్తిలా దిగి మూసుకుపోయింది.

ఆఫీసరు తనే ఇంకోసారి తలుపు తెరిచి మూసి చూశాడు.

"ఇంకో నాలుగు కాలిస్తే తొడుగు రెండుగా తెగేది," అన్నాడు మేస్త్రి. "మంట వెనక్కి వచ్చేది. కళ్లమీదికి."

డాక్టరమ్మ అక్కడే ఉన్న డబ్బామీద కూర్చుండిపోయింది.

మేస్త్రి తుపాకీ బల్లమీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "నాలుగు నెలల కింద దీని తలుపు అరిగిందని పాత సామాన్లలోంచి వేరేది వేశాను. వేశాక ఈ ముక్క పెట్టి చూడాలి. ఆ రోజు పని మీద పని, రేపు చూద్దామనుకున్నా. ఆ రేపు రానేలేదు. ఆ ఇనుము కూడా మెత్తనిది, కాల్చిన కొద్దీ అరుగుతూ వచ్చింది. తప్పు నాది సార్. రాసుకోండి." తర్వాత పిన్నివైపు తిరిగాడు. "నువ్వు మూడు వారాల కిందే చెప్పావు. నేను ముప్ఫై ఏళ్లు అడ్డం పెట్టుకున్నా."

పిన్ని బల్ల దగ్గరికి జరిగింది. మొహం చూస్తే ఆయన ఒక్క పూటలో పదేళ్లు పెద్దవాడైనట్టున్నాడు. "మీరు పలకలు చేసివ్వకపోతే నాకు మాత్రం ఎలా తెలిసేదండీ?" అంది. "డ్రమ్ములో కలిసిపోయేవే కదా."

"ఓదార్చకమ్మా," అన్నాడు మేస్త్రి. కానీ మీసం కొంచెం కదిలింది.

* * *

ఆఫీసరు జరిగింది జరిగినట్టు పై కమిటీకి రాశాడు. మేస్త్రి దాచమని అడగలేదు. ఈయన దాచలేదు. కమిటీ మేస్త్రిని మందలించి, పది తుపాకులనూ బయటి నిపుణుడి చేత పరీక్ష చేయించింది. మిగతా తొమ్మిదీ నిక్షేపంలా ఉన్నాయి. ఆరో నంబరుకు కొత్త తలుపు వచ్చేదాకా బీరువాలో పెట్టి తాళం వేశారు.

డాక్టరమ్మ రెండ్రోజులు రేంజి వైపు రాలేదు. మూడో రోజు వచ్చి, రెండో నంబరు తుపాకీ తీసుకుని, "ఇది నాకు పడదు," అని సణుగుతూ పడుకుంది. మొదటి పది గుళ్లు ఎటో పోయాయి. చివరి పది ఒక కాఫీ కప్పు మూతంత చోట పడ్డాయి. పోటీలో నాలుగో స్థానం వచ్చింది. "మూడు రావాల్సింది," అని వారంపాటు అందరికీ చెప్పింది. ఆ తర్వాత క్లినిక్కుకు పిన్నినీ ఆడపడుచునూ పిలిపించి, ఇద్దరి పళ్లూ చూసింది. పిన్నివి ముత్యాల్లా ఉన్నాయంది. ఆడపడుచువి రెండు పుచ్చాయంది. "ఎప్పుడూ వాగుతూనే ఉంటుంది కదా, గాలి తగిలి బాగుంటాయనుకున్నా," అంది పిన్ని. నోట్లో అద్దం ఉండటంవల్ల ఆడపడుచు జవాబు చెప్పలేకపోయింది. ఇంటికెళ్లాక వడ్డీతో సహా చెప్పింది.

ఇక మేస్త్రి. ఆ ఈల గొడవ తర్వాత వచ్చిన సోమవారం పిన్ని పనికి వచ్చేసరికి, తన బల్ల షెడ్డు వెనక లేదు. కంగారుగా వెతికితే మేస్త్రి గదిలో, కిటికీ పక్కన వెలుతురులో ఉంది. బల్లమీద మెడ వంచే దీపం, గుండ్రటి భూతద్దం, కొన వంచిన ఉక్కు తీగ. తీగకు చెక్క పిడి కొత్తగా తొడిగి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది ఉంది.

"డాక్టరమ్మ పుల్ల రోజూ అడుక్కోలేం కదా," అన్నాడు మేస్త్రి తన పనిలోంచి తల ఎత్తకుండా. "రోజూ పలకకు ఐదు ఖాళీలు చూడు. తేడా ఉంటే చెప్పు. నేను వినకపోతే ఈల ఊదు."

"ఈల ఆఫీసరు గారి మెడలో ఉంది కదండీ."

"నీకూ ఒకటి తెప్పించారు. సొరుగులో ఉంది. ఆయన మెడ ఇంకా పట్టేసే ఉందట."

కొద్దిరోజుల్లో ఆవిడకు తుపాకీ తలుపు విప్పడం, కొలత ముక్క పెట్టడం, నూనె ఎక్కడ వేయాలో ఎక్కడ వేయకూడదో అన్నీ వచ్చేశాయి. మేస్త్రి పక్కన నిలబడి ఒక్కొక్కటే చూపించేవాడు. తప్పు చేస్తే కసిరేవాడు. పిన్నీ తక్కువ తినలేదు. ఆయన స్ప్రింగుల డబ్బాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటే, రెండు రోజులు కూర్చుని సైజువారీ వేరు చేసి, "ముప్ఫై ఏళ్లుగా దీంట్లో ఎలా వెతుక్కున్నారండీ?" అని అడిగింది. ఆయన చెవిలో పెన్సిలు తీసి డబ్బాలమీద సైజులు రాయసాగాడు.

శీతాకాలం చివర రేంజివాళ్లు పనివాళ్ల కుటుంబాలను ఒక పూట పిలిచారు. కావాలంటే చిన్న తుపాకీతో ఐదు గుళ్లు కాల్చుకోవచ్చు. పిన్ని, "నాకొద్దు బాబూ, నాకు ఖాళీలే చాలు," అని తప్పుకుంది. ఆడపడుచు మాత్రం చీర కుచ్చిళ్లు దోపుకుని ఆరో లేన్ చాపమీద బోర్లా పడుకుంది. పక్క లేన్‌లో బ్యాంకు గుమాస్తా.

"ఊపిరి సగం వదిలి, మెల్లగా నొక్కాలి," అన్నాడు ఆఫీసరు.

"ఊపిరి వదిలితే మాట వస్తుందండీ, బిగపట్టే ఉంటా," అంది ఆడపడుచు.

ఐదు గుళ్లూ కాల్చింది. ఆవిడ లక్ష్యం కాగితం పెళ్లికూతురు మొహంలా మచ్చలేకుండా తిరిగొచ్చింది. గుమాస్తా కాగితంమీద మాత్రం ఐదుకు బదులు పది కన్నాలున్నాయి. అందులో రెండు సరిగ్గా నడిమధ్యన.

"ఆ రెండూ నావే," అంది ఆడపడుచు లేచి కూర్చుని.

"మీది పక్క కాగితం కదమ్మా!" అన్నాడు గుమాస్తా లబలబలాడుతూ. "నడిమధ్యన పడ్డవి నావి."

"నీ చెయ్యి వణకడం నేను చూశా నాయనా. ఏ కాగితమైతేనేం, మధ్యలో పడిందా లేదా?"

ఆఫీసరు తీర్పు చెప్పలేక మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి భూతద్దంతో కన్నాలు పది నిమిషాలు పరీక్షించి, "గుండుమీద పేరు రాసి ఉండదు," అన్నాడు. పిన్ని పసుపు గీత దగ్గర నిలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. చివరికి గుమాస్తా దండంపెట్టి కాగితం వదులుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆడపడుచు దాన్ని నలగకుండా ఇస్త్రీ చేసి, లాండ్రీలో తన బల్లకు ఎదురుగా గోడకు అంటించింది. దుప్పట్లు తెచ్చే నర్సులంతా ఆగి చూసేవారు. ఎవరైనా ఎవరు కాల్చారని అడిగితే, ఇస్త్రీపెట్టె ఒక పక్కన నిలబెట్టి, కథ మొదట్నుంచీ ఎత్తుకునేది. పక్కవాడి కాగితం అన్న ముక్క మాత్రం చెప్పేది కాదు.